స్నేహితుల మధ్య కాగితము

(తుర్కయాంజాల్‌లో సంఘ సభ్యుల కూటమిలో చేసిన ప్రసంగ పాఠము)



నాకు ఇచ్చిన అంశము స్నేహితులతో వ్యాపారము. మన ఊరికి ఇది దూరపు మాట కాదు. నాగార్జునసాగర్ రోడ్డు మీద ఒకప్పటి పొలాలు ప్లాట్లయినవి. ఒకే ఆఫీసులో పనిచేసేవారు, ఒకే సంఘములో కూర్చునేవారు కలిసి స్థలము కొంటున్నారు. ఇల్లు కట్టే పని తెలిసిన మేస్త్రీకే అప్పగిస్తున్నారు. మంచిదే. అయితే తెలిసినవాడు గనుక ధర అడగము, రసీదు అడగము, గడువు అడగము. "మన మధ్య కాగితమేమిటి అన్నా?" అంటాము. నేను చెప్పదలచినది ఒక్కటే. మనము మాట్లాడుకోకుండా విడిచినదానిని తరువాత చట్టము మాట్లాడుతుంది. అది చెప్పేది మన మనసులోని మాట కాకపోవచ్చు.

ఇద్దరు మిత్రులు సిమెంటు దుకాణము పెట్టారనుకుందాము. ఒకరు ఎనిమిది లక్షలు, మరొకరు రెండు లక్షలు పెట్టారు. రెండు లక్షలవారే పొద్దుటినుంచి రాత్రివరకు కొట్లో కూర్చుంటారు. పెట్టుబడిని బట్టి వాటా అని మొదటివారి తలంపు. నా కష్టానికి జీతము వేరుగా వస్తుందని రెండవవారి తలంపు. రెండూ న్యాయమైనవే, కాని ఇద్దరూ బయటికి అనలేదు. 1932 నాటి భాగస్వామ్య చట్టము ప్రకారము, వేరే ఒప్పందము లేకపోతే లాభనష్టములు చెరిసగము. పనిచేసిన భాగస్వామికి జీతమడిగే హక్కు లేదు. అంటే ఇద్దరి తలంపూ చెల్లదు! పైగా దుకాణము అప్పులపాలైతే అప్పిచ్చినవారు మొత్తము బాకీ ఇద్దరిలో ఎవరినుంచైనా రాబట్టవచ్చును.

స్థలము సంగతి ఇంకా గట్టిది. నలుగురి డబ్బుతో కొని, సులువని ఒక్కరి పేరున రిజిస్ట్రీ చేయిస్తారు. పేరున్న మిత్రుడు ఎంతో మంచివాడే. ఆయన అకస్మాత్తుగా పోతే? ఆయన భార్యాబిడ్డలకు ఆ సంగతే తెలియదు. అడగబోయిన ముగ్గురూ వారి కంటికి మోసగాళ్లుగా కనిపిస్తారు. 1988 నాటి బినామీ చట్టము వలన, పేరు వారిది, డబ్బు మాది అని దావా వేయడము సాధారణముగా కుదరదు. ఎవరూ అబద్ధమాడలేదు, అయినా నాలుగిళ్ల మధ్య మాటలు ఆగిపోతాయి. కాబట్టి నలుగురి పేర్లూ దస్తావేజులోనే వ్రాయించండి.

చేబదులూ అంతే. ప్రామిసరీ నోటు మీద దావాకు గడువు మూడేండ్లు. మొగమాటముతో ఊరుకుంటే కాలము చెల్లిపోతుంది. గడువులోపల కొంత కట్టి, నోటు వెనుక చెల్లు వ్రాసి సంతకము చేస్తే మళ్లీ మూడేండ్లు లభిస్తుంది.

కాగితము అపనమ్మకమని కొందరంటారు. యిర్మీయా ప్రవక్త తన పినతండ్రి కుమారుడైన హనమేలు దగ్గర పొలము కొన్నాడు. పట్టణము ముట్టడిలో ఉన్న సమయమది. అయినా సాక్షులను పిలిచి, పదిహేడు తులముల వెండి తూచి ఇచ్చి, ముద్రవేసిన పత్రమును, దాని ప్రతిని మట్టికుండలో భద్రము చేయించాడు. బంధువే కదా అని ఏ ఒక్కటీ విడిచిపెట్టలేదు.

మన తెలుగువారిలో నాగిరెడ్డి, చక్రపాణిగార్ల జంట అందరికీ తెలిసినదే. 1947లో 'చందమామ' ప్రారంభించారు. విజయా సంస్థ పేరున 1951లో 'పాతాళ భైరవి', 1957లో 'మాయాబజార్' తీశారు. కథ, సంపాదకత్వము చక్రపాణిగారివి. ముద్రణ, వ్యాపార నిర్వహణ నాగిరెడ్డిగారివి. 1975లో చక్రపాణిగారు మరణించేవరకు ఆ జంట నిలిచినది. ఎవరి పని ఏదో తేలియుండడము స్నేహానికి ఎంత బలమో దీనిని బట్టి గ్రహించవచ్చును.

కాబట్టి పని మొదలుపెట్టకముందే ఒక సాయంకాలము కూర్చోండి. ఎవరు ఎంత పెట్టాలి, పనిచేసేవారికి జీతమెంత, లెక్క ఎవరు వ్రాయాలి, నెలకొకసారి ఎవరు చూడాలి, ఒకరు తప్పుకోదలిస్తే ఎట్లా, ఒకరు పోతే వారి ఇంటివారికి ఏమి ముట్టాలి అని మాట్లాడుకొని వ్రాయండి. చివరి ప్రశ్న నోట రావడము కష్టము. అందుకే దానిని అందరూ బాగున్న రోజుననే అడగాలి. ఇంట్లోవారికి కూడా ఆ కాగితము చూపించండి.

తమ్ముడు తమ్ముడే, పేకాట పేకాటే అని సామెత. పేకాట మాట ఎత్తినందుకు పాస్టరుగారు మన్నించాలి. ఆ సామెతలో లెక్క గట్టిగా ఉండాలని మాత్రమే కాదు, తమ్ముడు తమ్ముడిగానే మిగలాలని కూడా ఉన్నది. కాగితము వ్రాసుకునేది ఆ రెండవదాని కొరకే.