గర్భస్రావం: శాస్త్రం చెప్పినది, మనం చేయవలసినది

(మాసోపన్యాస పాఠం)



సంతానార్థులై సన్నిధికి వచ్చే కుటుంబాలలో కొందరు దర్శనానంతరం నా వద్దకు వచ్చి, గొంతు తగ్గించి ఒక ప్రశ్న వేస్తూ ఉంటారు: "అయ్యవారూ, మా కోడలికి మూడో నెలలోనే కడుపు పోయింది. ఇది ఏ దోషమంటారు?" అడిగేది పెద్దవారు. ఆ అమ్మాయి మాత్రం తల వంచుకొని నిలిచి ఉంటుంది. ఆ వంచిన తల ఎత్తించడానికే నేటి నా ప్రసంగం.

మన ప్రాచీనులకు ఈ విషయం తెలియనిది కాదు. నాలుగవ మాసం వరకు జారిపోయే గర్భానికి గర్భస్రావమని, దేహం గట్టిపడిన పిదప అయిదు, ఆరు మాసాలలో పోయేదానికి గర్భపాతమని సుశ్రుత సంహిత పేర్లు పెట్టింది. పురుగు వల్లనో, గాలి వల్లనో, దెబ్బ వల్లనో ఫలం అకాలంలో రాలినట్లే గర్భమూ రాలుతుందని అక్కడే ఒక ఉపమానం ఉన్నది. ఫలం రాలినందుకు చెట్టును నిందించేవారు ఉంటారా?

నేటి వైద్యశాస్త్రం చెప్పేది కూడా వినండి. గర్భమని తెలిసిన తరువాత నూటికి సుమారు 10 నుండి 20 గర్భాలు నిలవవు. వాటిలో అత్యధికం మొదటి మూడు మాసాలలోనే పోతాయి. అలా తొలి మాసాలలో పోయే గర్భాలలో దాదాపు సగానికి కారణం పిండంలోని క్రోమోజోముల లోపం. ఆ లోపం చాలావరకు యాదృచ్ఛికంగా ఏర్పడేదే. మామూలు ఇంటిపని చేసినందుకో, గ్రహణవేళ కూర తరిగినందుకో, ఎవరి దృష్టో తగిలినందుకో గర్భం పోదు. కనుక "నీవేమి చేశావు?" అని ఆమెను నిలదీయడం అన్యాయం, అధర్మం కూడా.

భాగవత దశమస్కంధంలోని ఒక ఘట్టం స్మరించండి. దేవకీదేవి సప్తమగర్భాన్ని యోగమాయ రోహిణి గర్భంలోనికి చేర్చినప్పుడు, అసలు సంగతి ఎరుగని పురజనులు దేవకికి గర్భం పోయినదని అయ్యో అని విలపించారు. ఆమెలో దోషం వెదకలేదు, దుఃఖంలో పాలుపంచుకొన్నారు. బంధువులు చేయవలసినది అదే.

ఇక అన్నింటికంటె ముఖ్యమైన మాట. నెల తప్పిన స్త్రీకి రక్తం కనబడితే, అది చిన్న మరకే అయినా, ఆలస్యం చేయక వైద్యులకు చూపించండి. మరక కనబడిన ప్రతి గర్భమూ పోదు. స్కానింగులో గుండె స్పందన కనబడి, నిండు నెలలు మోసి, పండంటి బిడ్డను కన్న తల్లులు ఎందరో ఉన్నారు. ఇంటిలో కూర్చుండి మనమే తీర్పు చెప్పరాదు.

కొన్ని లక్షణాలు కనబడితే ఒక్క ఘడియ కూడా ఆగరాదు. గంటకు రెండు ప్యాడ్ల చొప్పున రెండు గంటలపాటు తడిసిపోవడం, పెద్ద గడ్డలు పడడం, కళ్లు తిరిగి పడిపోవడం, జ్వరం, చలి, దుర్వాసనతో కూడిన స్రావం, భరింపరాని కడుపునొప్పి. విశేషించి పొత్తికడుపులో ఒక ప్రక్క తీవ్రమైన నొప్పి, భుజం కొసన నొప్పి ఉంటే, పిండం గర్భాశయం వెలుపల నాళంలో నిలిచి ఉండవచ్చును. ఆ నాళం పగిలితే లోపల రక్తం కారి తల్లి ప్రాణానికే అపాయం. అప్పుడు పైకి కనబడే రక్తం స్వల్పమే కావచ్చును. వెంటనే 108కు ఫోను చేయండి. ఆమె రక్తవర్గం నెగెటివ్ అయితే ఆ సంగతి వైద్యులకు ముందే చెప్పండి. యాంటీ-డి సూదిమందు అవసరమని వారు నిర్ణయిస్తే 72 గంటలలోపు వేయించాలి.

ఇక్కడ కొందరికి ఆచారసందేహం కలుగుతుంది. గర్భస్రావమైతే ఎన్ని మాసాల గర్భమో అన్ని రాత్రుల అశౌచం అని మనుస్మృతిలో ఉన్న మాట నిజమే. అయితే అది పూజాదికాలకు సంబంధించిన నియమం. ఆస్పత్రికి వెళ్లరాదని గాని, ఆమెను ఎవరూ తాకరాదని గాని దాని అర్థం కాదు. ఆపదలో ఉన్నవారికి నియమాలు సడలించడం మన ధర్మశాస్త్ర సంప్రదాయం. వర్జ్యం, రాహుకాలం చూసుకొని అంబులెన్సు ఎక్కించవద్దు. మ్రొక్కు తీర్చడానికి స్వామి వేచి ఉంటాడు, కారే రక్తం వేచి ఉండదు. ఊరిలో ఎవరో ఇచ్చిన వేరుమందు మ్రింగించవద్దు.

ఒకసారి గర్భం పోయినవారిలో అధికులు తరువాత ఆరోగ్యవంతమైన బిడ్డనే కంటారు. రెండు మూడు పర్యాయాలు పోతే మాత్రం దంపతులిద్దరూ వైద్యులను కలవాలి. థైరాయిడ్, మధుమేహం, గర్భాశయ నిర్మాణం, రక్తం గడ్డకట్టే దోషాల వంటివి పరీక్షిస్తారు. అవసరమైతే భర్తకూ పరీక్షలుంటాయి. భార్యను ఒక్కతెనే పంపి ఇంటివద్ద కూర్చుండడం పురుషునికి తగదు.

దాతలకు ఒక మనవి. మీ ఊరిలో ఒక నిరుపేద గర్భిణికి ఆస్పత్రి ప్రయాణానికి, స్కానింగుకు సాయపడండి. అదీ స్వామికి సమర్పించిన కైంకర్యమే. ప్రతినెల 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతాయి. ఆ కబురు ఇరుగుపొరుగుకు చెప్పడానికి ధనం కూడా అక్కరలేదు.

పూజ మానమని నేను చెప్పడం లేదు. మనశ్శాంతికి అర్చన చేయించండి, తప్పక చేయించండి. కాని ముందు వైద్యం, పిదప అర్చన. ఆ తల్లికి విశ్రాంతినివ్వండి, వేళకు అన్నం పెట్టండి, ఏడ్వాలనుకొంటే ఏడ్వనివ్వండి. ఆమె కోల్పోయినది చిన్నదే అయినా, ఆమెకు అది బిడ్డయే.

స్వస్తి.