బలరాం గారు పోయిన రోజు నేను స్క్రోల్ చేసేశా

ముందే చెప్తా ఉండా, ఈ ఎపిసోడ్‌లో క్రికెట్ లేదు. ఫుట్‌బాల్. ఆగండాగండి, అప్పుడే స్కిప్ చేయబాకండి.

2024 ఏప్రిల్‌లో 'మైదాన్' అని సినిమా వచ్చింది కదా, అజయ్ దేవ్‌గణ్ కోచ్ రహీం సాబ్‌గా చేసింది. ఇక్కడ తిరుపతిలో మా వీధి పిల్లోడొకడు అది చూసొచ్చి, "అన్నా, దాంట్లో బలరాం అని ఒకాయన ఉండాడు, సికింద్రాబాదంట. నిజంగా ఉన్నాడా, కథ కోసం పెట్టినారా?" అని అడిగినాడు. నాకూ తెలీదు. ఫోన్ తీసి చూసినా. నిజంగానే ఉన్నాడు. తులసీదాస్ బలరాం. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో చనిపోయినారు, 86 ఏళ్ళ వయసులో.

ఆ ఫోటో చూడంగానే నాకు గుండె చివుక్కుమంది. ఎందుకంటే అదే ఫోటో ఆ రోజు నా ఫోన్‌లోకి వచ్చింది. ఎవరో పెద్దాయన అనుకొని పైకి తోసేసినా. అంతే, రెండు సెకండ్లు కూడా చూడలేదు.

కాబట్టి ఈ ఎపిసోడ్ ఆ రెండు సెకండ్లకి బాకీ తీర్చుకోడం అనుకోండి.

బలరాం పుట్టింది సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో, 1936లో. అమ్మానాన్నలు తమిళులు. మన చిత్తూరోళ్ళకి ఇదేం వింత కాదులే. ఇంట్లో అరవం, వీధిలో తెలుగు, మనకి అలవాటే కదా. పేద ఇల్లు. కుర్రోడి ఆట రహీం సాబ్ కంట్లో పడింది. ప్రాక్టీస్‌కి రమ్మంటే, అంత దూరం రావడానికి డబ్బుల్లేవన్నాడంట. రహీం సాబ్ ఒక సైకిల్ ఏర్పాటు చేసినారు. ఆ సైకిల్ మీద మొదలైన ప్రయాణం 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ దాకా పోయింది. ఆ ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ టీం నాలుగో స్థానం. అవును, మన ఇండియానే.

ఇంక 1960 రోమ్ ఒలింపిక్స్. ఇక్కడ కొంచెం నిదానంగా చెప్తా. మొదటి మ్యాచ్ హంగేరీతో. హంగేరీ అంటే ఆ కాలంలో ఆషామాషీ టీం కాదు, ఆ ఒలింపిక్స్‌లో కాంస్యం కొట్టింది. ఫ్లోరియన్ ఆల్బర్ట్ వాళ్ళ ఫార్వర్డ్. ఈ ఆల్బర్ట్‌కే తర్వాత 1967లో బాలన్ డి ఓర్ వచ్చింది. ఇప్పుడు మెస్సీ, రొనాల్డో కోసం మనం కొట్టుకుంటామే, అదే అవార్డు. ఆ మ్యాచ్‌లో ఆల్బర్ట్ ఒక గోల్ కొట్టినాడు. మన అమ్ముగూడ బలరాం కూడా ఒక గోల్ కొట్టినాడు. 2-1తో ఓడిపోయినాం, కానీ హంగేరీని చివరి దాకా చెమటలు పట్టించినాం. తర్వాత ఫ్రాన్స్‌తో 1-1 డ్రా. పెరూతో 3-1తో ఓడినాం, మనకొచ్చిన ఆ ఒక్క గోల్ కూడా బలరాందే. ఆ తర్వాత ఇండియా మళ్ళీ ఒలింపిక్స్ ఫుట్‌బాల్ ఆడనే లేదు.

ఇంకో సంగతి. బలరాం అసలు మధ్యలో ఆడే ఫార్వర్డ్. లోపల చుని గోస్వామి ఉన్నాడు కాబట్టి ఈయన్ని ఎడమ వింగ్‌కి మార్చినారు. కుడి వైపు పి.కె. బెనర్జీ. తనకి నచ్చిన చోటు వదిలేసి పక్కకి జరిగి, అక్కడ కూడా దేశంలో బెస్ట్ అనిపించుకోవడం ఎంత కష్టమో, గ్రౌండ్‌లో ఆడేవాళ్ళని అడగండి.

1962, జకార్తా ఏషియన్ గేమ్స్. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో దెబ్బ తిన్నారు. ఫైనల్లో మళ్ళీ అదే కొరియా. స్టేడియం నిండా మన మీద అరుపులే. 2-1తో గెలిచినారు. బంగారం. ఫుట్‌బాల్‌లో మనకి అదే చివరి ఏషియన్ గేమ్స్ బంగారం. అదే ఏడాది బలరాంకి అర్జున అవార్డు.

మరుసటి ఏడాది జూన్‌లో రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయినారు. దాదాపు అదే టైంలో బలరాంకి ఊపిరితిత్తుల జబ్బు. 27 ఏళ్ళకి ఆట అయిపోయింది. ఇరవై ఏడంటే ఇప్పటి ఆటగాళ్ళకి సగం కెరీర్ కూడా కాదు.

ఆ ముగ్గురిలో చునికి 1983లో పద్మశ్రీ, పి.కె.కి 1990లో పద్మశ్రీ. బలరాంకి రాలేదు. నా మటుకు నాకు ఇది అన్యాయమే. చుని, పి.కె. బెంగాల్ వాళ్ళు, వాళ్ళని అక్కడ నెత్తిన పెట్టుకున్నారు. బలరాం కలకత్తాలో ఈస్ట్ బెంగాల్‌కి ఆడి, అక్కడే హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారాలో ఒక ఫ్లాట్‌లో ముసలోడైపోయినాడు. మనోళ్ళమా, మనకి పేరే తెలీదు. తిట్టాలంటే ముందు నన్ను నేనే తిట్టుకోవాల.

ఆయన ఆడే వీడియో కోసం యూట్యూబ్‌లో చాలా సేపు వెతికినా. నాకు దొరకలేదు. ఫోటోలు ఉండాయి, గోల్స్ లెక్కలు ఉండాయి. బాల్ కాలికి తగిలినాక మనిషి ఎట్లా కదిలేవాడో చూడాలంటే మాత్రం లేదు. 'మైదాన్'లో ఆయన పాత్రేసిన కుర్రోడి పరుగే మనకి మిగిలింది. ఆ సినిమా వచ్చేసరికి ఆయన పోయి ఏడాది దాటింది.

మీ ఇంట్లో తాతలెవరైనా ఆ రోజుల్లో సికింద్రాబాద్‌లోనో కలకత్తాలోనో ఉద్యోగం చేసుంటే, బలరాం ఆట చూసినారా అని ఒక మాట అడగండి. చూసినాం అంటే ఫోన్ ఆన్ చేసి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రికార్డు చేసి నాకు పంపించండి. ఇంకో ఎపిసోడ్ దాంతోనే చేస్తా. ఉంటా మరి.