ప్లేట్‌లో పెంచితే ఎముక ఎందుకు అవ్వదు?

మన వైజాగ్‌లో ఎప్పుడూ ఎక్కడో ఒకచోట స్లాబ్ పడుతూనే ఉంటుంది. ముందు స్టీల్ ఊచలు కడతారు, తర్వాత కాంక్రీట్ పోస్తారు. ఎముక కూడా దాదాపు అంతే. ఊచల బదులు కొలాజెన్ అనే ప్రొటీన్ పోగులు, కాంక్రీట్ బదులు కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజం. ఒకటే తేడా. స్లాబ్ అయ్యాక మేస్త్రీ ఇంటికెళ్లిపోతాడు. ఎముకలో మేస్త్రీ లోపలే ఉండిపోతాడు!

ఆ మేస్త్రీల పేరు ఆస్టియోబ్లాస్ట్‌లు. కొన్ని తాము కట్టినదాంట్లోనే చిక్కుకుని ఆస్టియోసైట్లుగా మారతాయి. పెద్దవాళ్ల ఎముక కణాల్లో 90 శాతానికి పైగా ఇవే. మీరు నడిస్తే పడే బరువుని కనిపెట్టి, ఎక్కడ కట్టాలి, ఎక్కడ కరిగించాలి అని సిగ్నల్ ఇచ్చేవి ఇవే.

ఇప్పుడు ల్యాబ్‌కి వద్దాం. మామూలు ప్లాస్టిక్ ప్లేట్‌లో కణాలు దోసెలా పరుచుకుంటాయి. చుట్టూ గోడ లేదు, మీద బరువు లేదు. అందుకే త్రీడీ కల్చర్. స్పాంజ్ లాంటి పదార్థం రంధ్రాల్లో కణాల్ని వేస్తారు. కానీ రక్తనాళాలు లేకపోతే ఆక్సిజన్ సుమారు 0.2 మిల్లీమీటర్లు దాటి లోపలికి అందడం కష్టం. అందుకని పోషక ద్రవాన్ని తిప్పుతూ ఉంటారు. ఆ ఒరిపిడే కణాలకి బరువులా పనిచేస్తుంది.

2021లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు ఇలాగే మనిషి మూలుగలోని కణాలతో చిన్న ఎముక కణజాలాన్ని పెంచారు. ఆ స్పాంజ్ దేంతో చేశారో తెలుసా? పట్టు ప్రొటీన్‌తో! మన ధర్మవరం చీరల్లో ఉండే ఫైబ్రాయిన్ అన్నమాట. అందులో ఆస్టియోబ్లాస్ట్‌లు ఆస్టియోసైట్లుగా మారాయి.

మరి దీంతో అమ్మమ్మ తుంటి ఎముక మార్చేయొచ్చా? లేదండి. అది రక్తనాళాలు లేని చిన్న ముక్క. ప్రస్తుతానికి దాని పని, ఎముకల జబ్బుల్ని అర్థం చేసుకోవడం, మందుల్ని పరీక్షించడం. అదీ చిన్న విషయం కాదు.

కానీ "స్టెమ్ సెల్స్‌తో కొత్త ఎముక" అని వాట్సాప్‌లో ఫార్వర్డ్ వస్తే ఒక్క నిమిషం ఆగండి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం, రక్త సంబంధ వ్యాధులకి చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతావి క్లినికల్ ట్రయల్‌గానే జరగాలి. కాబట్టి లక్షలు కట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "దీని సీటీఆర్ఐ రిజిస్ట్రేషన్ నంబర్ ఎంత?" నంబర్ చెబితే ఆ వెబ్‌సైట్‌లో మీరే వెతికి చూసుకోవచ్చు. మాట దాటేస్తే, అమ్మమ్మని తీసుకుని ఇంటికి వచ్చేయండి.

డౌట్స్ ఉంటే కామెంట్ చేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!