ఇంకొక సాలు
(హోసూరులో సంఘ సభ్యుల సమావేశమునందు చేసిన ప్రసంగము)



మన మందిరము వెనుకనున్న పది సెంట్ల నేలను ఏమి చేయవలెనను విషయమై నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. కొందరు అంగళ్లు కట్టించి బాడుగకు ఇత్తమనుచున్నారు. కొందరు మరల కూరగాయల తోట వేసి, పంటను లేనివారికి అందింతమనుచున్నారు. నేను రెండవ పక్షమువాడను. అయినను, మొదటి తోట ఎందుకు ఎండిపోయినదో చెప్పక మరొక తోట వేయుదమనుట న్యాయము కాదు.

ముందుగా ఇట్టి పనిని ఇతరులు ఎట్లు చేసిరో చూతము. అమెరికాలో ఆరిజోనా రాష్ట్రపు ఫీనిక్సు నగరమున జాన్ వాన్ హెంగెల్ అను ఆయన ఒక ధర్మభోజనశాలలో జీతములేక పనిచేయుచు, తోటలలో కోయక విడిచిన నారింజ, నిమ్మజాతి పండ్లను ఏరి తెచ్చుచుండెను. అంగళ్లవారు పారవేసిన మంచి తిండిని ఏరుకొని పిల్లలను సాకుచున్న ఒక తల్లి, డబ్బునకు బ్యాంకు ఉన్నట్లే తిండికిని ఒకటి ఉండిన బాగుండునని ఆయనతో అనెనట. ఆ మాటనుండియే 1967లో సెయింట్ మేరీస్ ఫుడ్ బ్యాంకు పుట్టినది. మొదటి ఏటనే 2,75,000 పౌనుల ఆహారమును, అనగా మన లెక్కలో సుమారు 1,25,000 కిలోలను, పంచిరి. ఆ ఆలోచన ఇచ్చినది దాత కాదు, తీసికొను చేయి. ఈ సంగతికి మరల వత్తును.

తరువాత అలాస్కాలోని ఆంకరేజి నగరమున, వార్తాపత్రికకు తోటపనిని గూర్చి వ్రాయు జెఫ్ లోవెన్‌ఫెల్స్ తన పాఠకులను ఒక చిన్న కోరిక కోరెను. మీ తోటలో ఇంకొక సాలు విత్తుడు, ఆ సాలు పంటను ఊరిలోని పేదల భోజనశాలకు ఇండు, అని. 1995లో అక్కడి తోటపని రచయితల సంఘము దీనిని దేశమంతట వ్యాపింపజేసినది. ఆయన కొత్త నేలను అడుగలేదు, చందా అడుగలేదు.

పెట్టుట మనవారికి కొత్త కాదు. గోదావరి తీరపు లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళగాని వేళ వచ్చినవారికిని వండి వడ్డించిరి. భర్త జోగన్నగారు కలిగిన రైతు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకు ఆమె పేరు పెట్టినది.

అయితే ఈనాడు లేమి రూపము మారినది. మన తమిళనాట 2011 నుండి రేషను బియ్యము ఉచితముగా దొరకుచున్నది. బియ్యము దొరకును, కూర దొరకదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ (అది 1918లో మన కూనూరుననే పుట్టి 1958లో అక్కడికి తరలినది సుమండీ) పెద్దవారికి దినమునకు 400 గ్రాముల కూరగాయలు వలయునని 2024లో సూచించినది. కూలికి పోవు ఇంట అది ఎక్కడిది? చారుతోనో, ఊరగాయతోనో ముద్ద దిగవలసినదే.

ఇక మన తోట సంగతి. విత్తునాడు ఇరువదిమందిమి వచ్చితిమి, ఫొటో తీయించుకొంటిమి. ఎండలు ముదురుసరికి నీరు పోయువారము ముగ్గురము. రెండవ తప్పు ఇంతకంటె పెద్దది. మేము పాలకూర, కొత్తిమీర వేసితిమి. చూచుటకు ముచ్చటగా నుండెను. శనివారము మధ్యాహ్నము కోసి ఒక విద్యార్థి వసతిగృహమునకు కొనిపోగా, వంట ముగిసినది, మరునాడు పిల్లలు ఊళ్లకు పోయిరి. కట్టలు వాడి ఆవులపాలైనవి. వంటవానిని ఒక్కమాట ముందుగా అడిగియుండిన, గుమ్మడి, సొర, గెనుసుగడ్డ వేయుడని చెప్పియుండును. అవి నిలువయుండును, పెద్ద గుండిగకు చాలును. ఆకుకూర వేయరాదనను, వేసిన, తెల్లవారుజామున కోసి పొయ్యి వెలుగకముందే చేర్చవలెను. ముల్లంగి అంతయు ఒకేనాడు విత్తిన ఒకేనాడు ఊరును. పదునైదు దినముల ఎడముతో మడిమడి విత్తిన, వంటశాలకు విడువక అందును. రైతుబిడ్డలమై యుండియు ఇంతమాత్రము తలపోయమైతిమి.

మిగిలిన కట్టలను వీథిచివరి ఇండ్లకు కొనిపోతిమి. అక్కడ ఒక ముసలమ్మ చేయి చాపలేదు. "ఊరికే ఎందుకిస్తారు నాయనా? నీళ్లు పోసేదానికి నన్ను పిలవకూడదా?" అనెను. మేము పిలువలేదు. ఫీనిక్సు తల్లి మాటను వినినవాడు ఒకడు దొరికెను. మన ముసలమ్మ మాట వినుటకు మాలో ఒక్కడు లేకపోయెను. నాకు ఇప్పటికిని సిగ్గుగా నున్నది.

బాడుగ వచ్చును, కాదనను. మందిరపు పైకప్పు మరమ్మతునకు డబ్బు కావలసియే యున్నది. అందుకు వేరుగా చందా వేసికొందము, నా వంతు ముందుగా ఇత్తును. నేలను మాత్రము ఒక ఏడు తోటకు విడువుడు. విత్తనము కొనకముందే ఇద్దరు పోయి వంటశాలలవారిని, తినువారిని అడిగి రావలెను. వీథిచివరి ఇండ్లవారిని పనికి పిలువవలెను, పనిచేసినవారు తమ భాగము తాము కోసికొని పోవలెను.

నీరు పోయువారి వంతుల పట్టిక ద్వారము వద్ద బల్లమీద ఉన్నది. మంగళవారమునకు నా పేరు వ్రాసితిని. రేపు ఉదయము ఆ ముసలమ్మగారి ఇంటికి పోవుచున్నాను. గురువారపు గడిని ఆమె కొఱకు ఖాళీగా ఉంచుడు.