చేతబడి: ఒక మాట గురించి



ఈ పూట బోర్డు మీద ఒకే ఒక్క మాట రాశాను. కూడబలుక్కుని చదవండి. చే, త, బ, డి. చేతబడి. నాలుగే అక్షరాలు. ఒత్తులు లేవు. చదవడానికి తేలికైన మాట. కానీ పైకి చదవమంటే కొందరు గొంతు తగ్గించారు. "బియ్యం" అని చదివేటప్పుడు ఎవరమూ గొంతు తగ్గించం కదా. అందుకే ఈ మాటను ఎంచుకున్నాను.

దీని అర్థం మీకు తెలియంది కాదు. ఒక మనిషి మంత్రం వేసి ఇంకో మనిషికి జబ్బు తెప్పించడం, చావు తెప్పించడం. అలా చేయగలరని నమ్మేవాళ్లు వాడే మాట ఇది. తెలంగాణ పల్లెల్లో దీన్నే బాణామతి అంటారు. గోదావరి వైపు, విశాఖ మన్యం వైపు చిల్లంగి అంటారు. బాణామతి మన ఒక్కళ్ల మాటే కాదు. పక్కనున్న కన్నడం వాళ్లు, మరాఠీ వాళ్లు కూడా ఇంచుమించు ఇలాగే అంటారు. హిందీలో భానమతి అంటే గారడీ చేసే ఆడమనిషి. ఆమె బుట్ట గారడీ బుట్ట. అక్కడ నవ్వుకునే మాట. ఇక్కడ వణికించే మాట.

మంత్రాల మాటలు మన నోట ఊరికే దొర్లుతుంటాయి. "పైసలు మాయమైనాయి" అంటాం. కాన్పు తర్వాత పడేదాన్ని కూడా మాయ అనే అంటాం. అందులో భయం ఏమీ లేదు. కొడుకు పెళ్లాం మాట వింటే, "నా కొడుక్కి మందు పెట్టింది" అంటుంది అత్త. (నవ్వుతున్నారు. ఎవరింట్లోనో ఈ మాట పడినట్టుంది!) పెట్టిన మందు ఏమిటో అత్తకూ తెలియదు, కోడలికీ తెలియదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ మూడు మాటలు చూడండి.

పిల్లకు జలుబు చేసింది.
ముసలాయనకు సుస్తీ చేసింది.
ఆమె చేతబడి చేసింది.

మూడింటిలోనూ "చేసింది" ఉంది. జలుబు చేసింది అంటే "ఎవరు చేశారు?" అని అడుగుతామా? అడగం. సుస్తీ చేసింది అన్నా అడగం. గాలి సోకింది అన్నా అడగం. దిష్టి తగిలిందంటే ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తాం. అంతటితో సరి. చేతబడి అన్నామంటే అంతటితో సరిపోదు. ఆ మాటకు ఒక మనిషి కావాలి. ఎవరు చేశారు? పేరు చెప్పేదాకా ఆ మాట ఊరుకోదు.

ఆ పేరు ఎవరిది అవుతుంది? పదిమంది కొడుకులున్న పటేలు పేరు ఎవరూ చెప్పరు. ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మ పేరు చెబుతారు. మొగుడు పోయి, రెండెకరాలు మిగిలిన ఆమె పేరు చెబుతారు. ఆకు పసర్లు తెలిసిన ఆమె పేరు చెబుతారు. నిన్న గట్టు దగ్గర తగాదా పడ్డ ఆమె పేరు చెబుతారు. మగవాళ్ల మీద కూడా ఈ నింద పడుతుంది. కాదనను. అయినా దిక్కులేని ఆడది ముందు దొరుకుతుంది.

పేరు చెప్పాక ఏం జరుగుతుంది? మన దగ్గర పళ్లు ఊడగొట్టిన ఊళ్లు ఉన్నాయి. ఎందుకంటే పళ్లు లేని నోట మంత్రం సరిగా పలకదట. చెట్టుకు కట్టి కొట్టారు. తగలబెట్టారు. 2022లో మన దేశంలో మంత్రగత్తెలన్న నెపంతో జరిగిన హత్యలు 85 అని ప్రభుత్వ లెక్క. చంపడం దాకా పోకుండా తన్ని, ఊళ్లోంచి తరిమినవి ఈ లెక్కలో లేవు.

మరి ఆ జబ్బు మాటేమిటి? "రక్తం కక్కుకున్నాడు, చేతబడే" అంటారు. క్షయ ముదిరితే దగ్గులో రక్తం పడుతుంది. ఆ పురుగును కనిపెట్టింది 1882లో. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే కఫం పరీక్ష చేయించాలి. సర్కారు దవాఖానాలో పరీక్షా, మందులూ ఉచితం. మామూలుగా ఆరు నెలలు మానకుండా వాడాలి. మంత్రగాడి దగ్గర ఆ ఆరు నెలలూ పోతే ఇంటిల్లిపాదికీ అంటుకుంటుంది. అప్పుడు "చూశారా, ఇల్లంతటికీ చేసింది" అంటారు! ఫిట్స్ కూడా అంతే. అది మెదడుకు సంబంధించిన జబ్బు. దానికి మందులున్నాయి.

అస్సాంలో బీరూబాలా రాభా అని ఒక తల్లి ఉండేది. పల్లెటూరి పేదరాలు. కొడుక్కి మతి చెడింది. మంత్రాలు వేసేవాళ్ల దగ్గరికి తీసుకుపోయింది. వాళ్లు, "నీ కొడుకు మూడు రోజుల్లో చస్తాడు" అన్నారు. ఆ మూడు రోజులు ఆ తల్లి ఎట్లా గడిపిందో మనలో బిడ్డలున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. మూడు రోజులు గడిచాయి. కొడుకు చావలేదు. వాళ్ల మాట అబద్ధమని ఆమెకు తేలిపోయింది. అప్పటినుంచి ఎక్కడ ఏ ఆడమనిషిని మంత్రగత్తె అన్నా, అక్కడికి పోయి అడ్డం నిలబడింది. ఊరు ఆమెనూ వెలివేసింది. ఆమె మానలేదు. 2015లో అస్సాం శాసనసభ దీని మీద చట్టం చేసింది. 2018లో రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. 2021లో ఆమెకు పద్మశ్రీ ఇచ్చారు. 2024లో చనిపోయింది.

ఇటువంటి చట్టం మొదట 1999లో బీహారులో వచ్చింది. అయితే ప్రత్యేక చట్టం లేని చోట కూడా కొడితే కేసే, చంపితే హత్యే. ఎవరి మీదైనా ఈ నింద వేసి గుంపు కూడుతుంటే 112కు ఫోను చేయండి. ఆడవాళ్ల సాయానికి 181 ఉంది. అంకెలు మీకు వచ్చు కదా, పలక మీద రాసుకోండి.

"నిమ్మకాయ కోస్తే నెత్తురు వచ్చింది, మా కళ్లతో చూశాం" అని మొన్న ఇద్దరు అన్నారు. చూసే ఉంటారు. పసుపులో సున్నం కలిపితే ఎర్రనీళ్లు అవుతాయని మనకు తెలుసు. దిష్టి తీయడానికి మనమే కలుపుతాం. అందులో మంత్రం ఏముంది? నిమ్మకాయ సంగతీ అలాంటిదే. ఎర్ర మందార పువ్వును చాకు మీద బాగా రుద్ది ఆరబెడతారు. పులుపు తగిలితే ఆ పసరు ఎర్రగా మారుతుంది. మందార పూలు తెచ్చాను, నిమ్మకాయలు తెచ్చాను. చాకు ఎవరు తెచ్చారు? ఇటు ఇవ్వండి.