మెదడు చక్రం



ఒక్క మరమేకు తయారుకావాలంటే లేత్ యంత్రంపై ఎన్నో పనిముట్లు వరుసగా మారాలి. 1845లో అమెరికాలో స్టీఫెన్ ఫిచ్ ఎనిమిది పనిముట్లను ‘టరెట్’ అనే తిరిగే పీఠానికి అమర్చారు. అయినా యంత్రాన్ని నడపవలసినది మనిషి చేయే.

1873లో పేటెంటు పొందిన తన యంత్రంతో క్రిస్టఫర్ స్పెన్సర్ ఆ చేతికి విశ్రాంతినిచ్చారు. నెమ్మదిగా తిరిగే డోలుకు బిగించిన పట్టీలే పనిముట్లను వేళకు ముందుకూ వెనకకూ నడిపేవి. టరెట్ వెనక్కి వచ్చి, ఒక గడి తిరిగి, గూటిలో చీల పడగానే స్థిరంగా నిలవాలి. చీల సరిగా పడకుంటే పనిముట్టు గురి తప్పుతుంది.

ఆ డోలును ఆయన ‘మెదడు చక్రం’ అన్నారు. కాని పేటెంటు పత్రంలో దానికి రక్షణ కోరే వాక్యమే లేకపోయింది. ఇతరులు దానిని స్వేచ్ఛగా వాడుకున్నారు.

చేసే నేర్పుతోపాటు, చేసినదానిని స్పష్టంగా చెప్పగల భాషను కూడ బడి నేర్పాలి. మాటకు ఆ పదును తొలుత మాతృభాషలోనే అబ్బుతుంది.