ఇఫ్తారు పలకరింపు, అయిదేళ్ల లెక్క

 

మన రామగుండం ఓటర్లము పార్టీ పేరు మాత్రమే చూసేవారము కాము. 2009లో స్వతంత్ర అభ్యర్థి సోమారపు సత్యనారాయణను గెలిపించాము. 2018లో రాష్ట్రమంతటా అధికార పార్టీ గాలి వీచినా, ఫార్వర్డ్ బ్లాక్ తరఫున నిలిచిన కోరుకంటి చందర్‌ను ఎన్నుకున్నాము. 2023లో ఆయననూ మార్చాము. మనిషిని ఎంచుకోవడం మనకు తెలుసు. పనిని తూచడం తెలుసా?

రంజాన్‌లో టోపీ ధరించి ఇఫ్తారుకు వచ్చిన నాయకుణ్ణి మనం మరువలేము. అర్ధరాత్రి ఠాణాకు తోడు వచ్చే మనిషి కావాలనుకోవడమూ న్యాయమే. అయితే ఖబ్రస్తాన్ ప్రహరీ, కాంట్రాక్టు కార్మికుని వేతనం, ఆడపిల్లకు గురుకులంలో సీటు ఆలింగనంతో తీరవు.

సింగరేణి గుర్తింపు సంఘం ఎన్నికలప్పుడు కారుణ్య నియామకాలు, లాభాల వాటా గురించి గేట్ మీటింగులలో నిలదీస్తాము. అదే గొంతు శాసనసభ ఎన్నికలలో ఎందుకు మూగబోతున్నది?

మేము ఫైళ్ల మధ్య జీవితం గడిపినవారము. తేదీ, సంతకం లేని మాటను హామీగా లెక్కించము. ప్రతి మొహల్లాలో ఒక నోటుపుస్తకం తెరవండి. ఇచ్చిన మాట, జరిగిన పని పక్కపక్కనే రాయండి. ఓటుకు ముందురోజు దానిని ఇంటిల్లిపాదికీ చదివి వినిపించండి.